సర్టిఫికెట్ ఐదో రోజే ఎందుకివ్వాలి?

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం, అంటే లెక్చరర్లకిచ్చే శిక్షణ) బ్రోషర్లు కుప్పలు పడతాయి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి తిరిగేవి ఓ నాలుగు పక్కపక్కన పెట్టుకుని చదవండి. పైన లోగోలు, ఛీఫ్ ప్యాట్రన్ నుంచి కో-కన్వీనర్ దాకా పేర్ల వరుస, రిసోర్స్ పర్సన్ల ఫొటోలు, రిజిస్ట్రేషన్‌కు క్యూఆర్ కోడ్, బస ఎక్కడ, హాజరు ఎంత ఉంటే సర్టిఫికెట్ వస్తుంది, అన్నీ ఉంటాయి. వచ్చి వెళ్లిన లెక్చరర్ కాలేజీ తెరిచాక తన క్లాసులో ఏం మారుస్తాడో మాత్రం ఎక్కడా ఉండదు. లక్ష్యాల కింద ‘అవగాహన కల్పించుట’ అని ఒక ముక్క వేసి వదిలేస్తారు.

నేననేది ఇంతే. ఐదు రోజుల శిక్షణ ఐదో రోజు సాయంత్రం ముగిసిపోకూడదు. వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లి, తమ సిలబస్‌లో ఒక్క యూనిట్‌ను కొత్త పద్ధతిలో చెప్పి, ఆ కాగితాలు పట్టుకుని ఆరు వారాల తర్వాత మళ్లీ ఒక రోజు రావాలి. సర్టిఫికెట్ అప్పుడు చేతికివ్వాలి. దీనికి అడ్డంకులు చాలా ఉన్నాయి, అందులో కొన్ని న్యాయమైనవే.

పాయింట్ల లెక్క

మనవాళ్లు ఎఫ్‌డీపీలకు ఎందుకు వెళ్తారో దాచిపెట్టాల్సిన పనిలేదు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రమోషన్‌లో లెవెల్ 10 నుంచి 11కు వెళ్లాలంటే, పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు నాలుగేళ్లు, పీజీ మాత్రమే ఉన్నవాళ్లకు ఆరేళ్లు సర్వీసు ఉండాలి. దాంతోపాటు 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు చూపించాలి. ఆపైన ఒక రిఫ్రెషరో రీసెర్చ్ మెథడాలజీ కోర్సో కావాలి. అవి లేకపోతే, ఒక్కోటి కనీసం వారం, అంటే ఐదు రోజులు నడిచిన వర్క్‌షాపులో ఎఫ్‌డీపీలో రెండు ఉండాలి. అదీ కాకపోతే ఒక మూక్ (ఆన్‌లైన్ కోర్సు) సర్టిఫికెట్ అయినా సరిపోతుంది.

ఇంజినీరింగ్ కాలేజీల లెక్క వేరు. ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ కోసం కాలేజీలు ఏళ్లుగా నింపుతూ వచ్చిన సెల్ఫ్ అసెస్‌మెంట్ రిపోర్టులో, రెండు నుంచి ఐదు రోజుల కార్యక్రమానికి వెళ్లిన లెక్చరర్‌కు 3 పాయింట్లు, ఐదు రోజులు దాటితే 5. ఒక మనిషికి ఏడాదిలో 5కు మించి లెక్కలోకి రావు. ఒక్కసారి ఆరు రోజులు కూర్చుంటే ఆయన కోటా అయిపోయింది, రెండోదానికి పంపితే కాలేజీకి ఒరిగేదేమీ లేదు. వారం ఎఫ్‌డీపీ అంటే సోమవారం నుంచి శుక్రవారం కాకుండా శనివారం దాకా సాగడానికి ఈ గీత కూడా ఒక కారణం. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్‌కు రాసే రిపోర్టులో ఆరో క్రైటీరియన్ కింద ఎంతమంది టీచర్లు ఇలాంటి శిక్షణకు వెళ్లారో శాతం అడుగుతారు. వెళ్లొచ్చాక ఏం చేశారన్న గడి ఈ మూడు చోట్లా లేదు. అడగనిదాన్ని ఎవరూ చూపించరు.

1986 విద్యావిధానం తర్వాత లెక్చరర్ల శిక్షణకు వచ్చిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు 2015లో హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లయ్యాయి, 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలుగా నడుస్తున్నాయి. బోర్డు రెండుసార్లు మారినా చివరి రోజు గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్ల పంపకం మాత్రం అలాగే ఉన్నాయి.

పాయింట్ల కోసం వచ్చేవాళ్లను చూసి మూతి విరిచేవాళ్లున్నారు. నేను ఆ పక్షం కాదు. ఆ నిబంధన లేకపోతే సగం హాలు నిండదు. పీజీ అయ్యాక ఇంకొకరి క్లాసులో విద్యార్థిగా కూర్చోని మనిషిని ఐదు రోజులు కూర్చోబెట్టేది ఆ నిబంధనే. మంథనిలో పాఠం చెప్పే ఆయనకు, నిర్మల్‌లో అదే సబ్జెక్టు చెప్పే ఆవిడ టీ బ్రేక్‌లో పరిచయమై ప్రశ్నపత్రాలు ఇచ్చిపుచ్చుకుంటే, పొద్దుటి రెండు పీపీటీల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి బలవంతాన్ని తీసేయమనడం లేదు. అది దేనిమీద పడాలో మార్చమంటున్నాను.

ముప్పై గంటల్లో మిగిలేది

రోజుకు గంటన్నర సెషన్లు నాలుగు, ఐదు రోజులు. కాగితం మీద 30 గంటలు. ఇనాగరల్ పదింటికి వేస్తారు, ముఖ్య అతిథి పదకొండుకు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద కూర్చున్న ఒక్కొక్కరి ప్రసంగం, శాలువాలు, మెమెంటోలు, వోట్ ఆఫ్ థ్యాంక్స్ అయ్యేసరికి భోజనాల వేళ. ఐదో రోజు మధ్యాహ్నమంతా ముగింపు సభకే, అంటే వాలెడిక్టరీకే. సగం మంది కాజీపేటలో రైలు, హన్మకొండ బస్టాండులో బస్సు టైం చూసుకుంటూ ఉంటారు. అంటే నాలుగు సెషన్లు పోయినట్టే. మిగిలిన 16లో 13, 14 పీపీటీలకు వెళ్తే, వచ్చినవాళ్లు తమ చేత్తో ఏదైనా చేసేది మూడు నుంచి నాలుగున్నర గంటలు.

ఇందులో వింత ఏమిటంటే, విద్యార్థులతో పని చేయిస్తూ పాఠం చెప్పాలన్న విషయాన్ని కూడా వంద స్లైడ్ల ఉపన్యాసంగానే చెప్పడం. 2014లో వచ్చిన ఫ్రీమన్ బృందం పరిశీలన చాలామంది రిసోర్స్ పర్సన్లు చూపిస్తారు. సైన్సు, ఇంజినీరింగ్, గణితం కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉత్త ఉపన్యాసం నడిచిన క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు 33.8 శాతం, విద్యార్థులతో పనిచేయించిన క్లాసుల్లో 21.8 శాతం. అంకె గట్టిదే. కానీ దాన్ని గంటన్నర విని బయటికొచ్చిన లెక్చరర్‌కు రేపు పొద్దున బోర్డు దగ్గర మొదటి ఐదు నిమిషాలు ఏం చేయాలో తెలియదు.

చివర్లో గూగుల్ ఫారం వస్తుంది. ‘ఎక్సలెంట్’ నొక్కితేనే సర్టిఫికెట్ అని ఎవరూ అనరు, అయినా అందరూ అదే నొక్కుతారు. శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమని అమెరికా ప్రొఫెసర్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే చెప్పాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, వెనక్కెళ్లి పనితీరు మార్చుకున్నారా, దాంతో ఫలితం మారిందా. మన ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఈమధ్య చివర్లో క్విజ్ పెట్టడం మొదలయ్యాక రెండో మెట్టు మీద సగం కాలు పెట్టాం.

కోర్సు అయ్యాక విద్యార్థికి ఏం రావాలో ముందే రాసుకుని బోధించే అవుట్‌కమ్ బేస్డ్ ఎడ్యుకేషన్ మీద జరిగే ఎఫ్‌డీపీల గతి మరీ అన్యాయం. రెండో రోజుకల్లా అది ఎక్సెల్ తరగతైపోతుంది. కోర్సు అవుట్‌కమ్‌లకు, ప్రోగ్రాం అవుట్‌కమ్‌లకు మధ్య సంబంధం ఎంత గట్టిదో గళ్లలో 3, 2, 1 అని ఎలా నింపాలి, అవి ఎంతవరకు నెరవేరాయో లెక్కగట్టే అటెయిన్‌మెంట్ ఫార్ములా ఏ కాలమ్‌లో పెట్టాలి, ఇవే. ఆ తర్వాత కాలేజీల్లో జరిగేది అందరికీ తెలుసు. ‘నాలుగు రకాలను వివరింపుము’ అన్న పాత ప్రశ్న ‘నాలుగు రకాలను విశ్లేషింపుము’ అవుతుంది. ప్రశ్న ఎంత ఆలోచన అడుగుతుందో చెప్పే బ్లూమ్స్ స్థాయి రెండు నుంచి నాలుగుకు ఎక్కుతుంది. పిల్లాడు రాసే జవాబు మాత్రం గైడులోని అదే రెండు పేజీలు. ఎక్సెల్ తెరవకముందే, తమ పేపర్లో చివరి మాట తప్ప ఏమీ మారని ప్రశ్నలు ఏవో వచ్చినవాళ్ల చేతే గుర్తు పెట్టించి, ఒక్కోదాన్ని తిరగరాయించాలి. ఒక్కో ప్రశ్నకు ఇరవై నిమిషాలు పడుతుంది, అందుకే ఆ పని ఎవరూ పెట్టుకోరు.

యంత్రాలు, సాఫ్ట్‌వేర్ల సంగతి వేరు

ఇదంతా అన్ని రకాల ఎఫ్‌డీపీలకూ వర్తించదు. వరంగల్ ఎన్‌ఐటీలోని ఎలక్ట్రానిక్స్ అండ్ ఐసీటీ అకాడమీ వంటి చోట్ల ఒక పనిముట్టు మీద, ఒక సాఫ్ట్‌వేర్ మీద జరిగేవాటికి ఐదారు రోజులు సరిపోతాయి. మన ప్రైవేటు కాలేజీల ల్యాబుల్లో కనిపించని ఎలక్ట్రానిక్ బోర్డులు అక్కడ ఇద్దరికొకటి చొప్పున దొరుకుతాయి. పైథాన్, లేటెక్ లాంటివైతే ఆన్‌లైన్‌లోనే నయం. ఎవరి స్క్రీన్ వాళ్ల ముందుంటుంది, ఆగి మళ్లీ చూసుకోవచ్చు.

వీటిలో చెడేది రెండు చోట్ల. మొదటి రోజు ఇన్‌స్టలేషన్‌కే పోతుంది. ల్యాబ్ సిస్టమ్స్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియదు, యాభై మంది ఒకేసారి డౌన్‌లోడ్ నొక్కితే వైఫై కూలబడుతుంది. పది రోజుల ముందే సూచనలు పంపి, ఇన్‌స్టాలర్ కాపీలు నాలుగైదు పెన్‌డ్రైవుల్లో సిద్ధంగా ఉంచితే ఆ రోజు మిగులుతుంది. రెండోది, శిక్షణ డబ్బు పెట్టి కొనాల్సిన మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఇస్తే వెనక్కి వెళ్లాక కాలేజీలో లైసెన్స్ ఉండదు. సైల్యాబ్, ఆక్టేవ్, ఎన్‌జీస్పైస్ ఉచితం. వచ్చినవాళ్ల కాలేజీల్లో ఏముందో రిజిస్ట్రేషన్ ఫారంలోనే అడిగి దాని మీదే నేర్పాలి.

హాలు, కార్డులు, కెమెరా

బోధన మీద జరిగే ఎఫ్‌డీపీకి ముందు హాలు మార్చాలి. సెమినార్ హాల్లో కుర్చీలు నేలకు బిగించి ఉంటాయి, ఏసీ ఉంటుంది, బ్యానర్ కట్టడానికి వేదిక ఉంటుంది. నలుగురు ఎదురెదురుగా కూర్చోవడానికి మాత్రం వీలుండదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో డ్రాయింగ్ హాలు దీనికి పుట్టినట్టుంటుంది, పెద్ద బల్లలు, కదిలే స్టూళ్లు. డిగ్రీ కాలేజీల్లో లైబ్రరీ రీడింగ్ రూం. మే నెల వరంగల్ ఎండకు అక్కడ కూర్చోలేరంటారు, నిజమే. కూలర్లు నాలుగు అద్దెకు తెచ్చుకుంటే పోయేదానికి సెమినార్ హాలును పట్టుకు వేలాడనక్కర్లేదు.

సంఖ్య 24 దాటకూడదు. వచ్చేముందు ఒక్కొక్కరు మూడు తేవాలి. రాబోయే సెమిస్టర్‌లో చెప్పబోయే ఒక యూనిట్, ఆ సబ్జెక్టు గత మూడేళ్ల ప్రశ్నపత్రాలు, పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు కనపడకుండా చేసిన ఐదు ఇంటర్నల్ జవాబు పత్రాల జిరాక్సులు. ఈ మూడూ లేనివాళ్లు బల్ల దగ్గర ఊరికే కూర్చుంటారు.

రెండో రోజుకల్లా మైక్రోటీచింగ్ మొదలుపెట్టాలి. మన బీఈడీ కాలేజీల్లో వాడే పద్ధతి ప్రకారం 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు సూచనలు, 12 నిమిషాలు మళ్లీ తయారు, 6 నిమిషాలు మళ్లీ పాఠం, 6 నిమిషాలు మళ్లీ సూచనలు. మనిషికి 36 నిమిషాలు. ఒకే హాల్లో 24 మందికి 14 గంటలు దాటుతుంది, అందుకే నిర్వాహకులు ఇద్దరు ముగ్గురి చేత చేయించి ‘డెమో అయింది’ అనేస్తారు. నాలుగు గదుల్లో ఆరుగురు చొప్పున పెడితే 3 గంటల 36 నిమిషాల్లో అందరిదీ అయిపోతుంది. స్టాండుకు ఒక ఫోన్ బిగించి రికార్డు చేస్తే చాలు.

ఇక్కడ పని చెడగొట్టేది మర్యాద. ‘మంచిగనే ఉంది సార్’, ‘బాగా చెప్పిన్రు మేడం’. హెచ్‌వోడీ, ఆయన కింద పనిచేసే జూనియర్ ఒకే గదిలో ఉంటే అంతకు మించి నోరు పెగలదు. ఒకే కాలేజీ వాళ్లను ఒక గదిలో వేయకూడదు. చూసేవాళ్లను అభిప్రాయం అడగకుండా తలా ఒక పని అప్పగించాలి. ఒకరు బోర్డు మీద రాసింది రాసినట్టు కాగితం మీద గీయాలి. ఇంకొకరు ఎవరెవరు జవాబు చెప్పారో గుర్తు పెట్టాలి. మరొకరు ప్రశ్న వేశాక టీచర్ ఎన్ని సెకన్లు ఆగాడో లెక్కపెట్టాలి. టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో చూపించింది. ‘మీరు తొందరపడుతున్నారు సార్’ అంటే మనసు కష్టపెట్టుకునే పెద్దమనిషి, ‘ఆరు ప్రశ్నలు, అన్నింటికీ రెండు సెకన్ల లోపే మీరే జవాబు చెప్పేశారు’ అన్న కాగితం చూసి నవ్వేస్తాడు.

పాఠం ఎంతమందికి అర్థమైందో చూడటానికి క్లాసులో విద్యార్థుల చేత ఓటు వేయించే పద్ధతి ఒకటుంది, దానికి యాప్‌లు వద్దు. సెమినార్ హాల్లోనే సిగ్నల్ అందదు, ఏటూరునాగారం కాలేజీలో అందరి దగ్గరా డేటా ఉంటుందని ఎలా అనుకుంటాం? ఏ, బీ, సీ, డీ అని రాసిన నాలుగు అట్టముక్కలు చాలు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ప్రశ్న వేసి, ఒకటి రెండు నిమిషాలు ఎవరికి వారే ఆలోచించాక కార్డు ఎత్తమనాలి. సరైన జవాబు 30 శాతం లోపుంటే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకు పోవాలి, మధ్యలో ఉంటే పక్కవాడితో రెండు మూడు నిమిషాలు వాదించుకోమని మళ్లీ ఓటు వేయించాలి. రెండు పొరపాట్లు దీన్ని చంపేస్తాయి. మొదటి ఓటు కాగానే టీచర్ జవాబు చెప్పేయడం ఒకటి. ముందు బెంచీ టాపర్‌ను చూసి వెనకంతా అదే కార్డు ఎత్తడం రెండోది, దానికి కార్డు ఛాతీకి ఆనించి పట్టుకోమనాలి.

బ్రోషర్లో లేని సమస్య

మన వైపు డిగ్రీ క్లాసులో అసలు చిక్కు ఇది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఆసిఫాబాద్ నుంచి ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ మీడియం సెక్షన్లో కూర్చుంటారు. వాళ్లలో గోండీ, లంబాడీ ఇంటి భాషైనవాళ్లకు తెలుగే రెండో భాష. లెక్చరర్ తెలుగులో చెప్పి, ఇంగ్లిష్‌లో నోట్స్ డిక్టేట్ చేసి, గైడు కొనుక్కోమంటాడు. ఇంత పెద్ద విషయం మీద గంటన్నర సెషన్ వేసే ఎఫ్‌డీపీ అరుదు.

చేయించదగ్గ పని ఉంది. పాఠానికి కావాల్సిన 10, 12 సాంకేతిక పదాలను బోర్డు ఎడమ అంచున ముందే రాసి, గంట మొత్తం చెరపకుండా ఉంచాలి. భావం తెలుగులో ఒకసారే చెప్పాలి. బోర్డు మీద బొమ్మ, రాత ఇంగ్లిష్‌లోనే ఉండాలి. జంటగా మాట్లాడుకునేది తెలుగులో, ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఎవరికి వారు ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు రాయాలి. అరవై మందిలో ఎనిమిది చీటీలు తీసుకుంటే చాలు, మర్నాడు రెండు చదివి బోర్డు మీద కలిసి దిద్దుకోవచ్చు. వాక్యం వాక్యానికీ అనువాదం చేస్తూ పోతే గంట పాఠం రెండు గంటలవుతుంది, పిల్లలు ఇంగ్లిష్ వాక్యం వినడం మానేసి తెలుగు ముక్క కోసం కాచుక్కూర్చుంటారు.

ఈ సెషన్ చెప్పాల్సింది నర్సంపేటలోనో పరకాలలోనో ఏళ్లుగా ఇలాంటి క్లాసును నెట్టుకొస్తున్న లెక్చరర్. ఐఐటీ పేరు లేకపోతే నిధుల ప్రపోజల్‌కు బరువు రాదని నిర్వాహకుల భయం. అది వట్టి భయం కాదు, ప్రపోజల్ చూసేవాళ్లు నిజంగానే ఆ పేర్లు చూస్తారు. కాబట్టి ఐఐటీ ప్రొఫెసర్‌కు ఒక సెషన్ ఇచ్చి, ఈ లెక్చరర్‌కు మూడు ఇవ్వండి.

ఆరో రోజు

ఇప్పుడు అసలు వాదనకొస్తాను. ఐదు రోజులు కాలేజీ తెరిచే ముందు వారంలో పెట్టాలి. వేసవి నడిమధ్యలో పెడితే జూన్ వచ్చేసరికి అంతా మరిచిపోతారు. దసరా సెలవుల్లో పెడితే బతుకమ్మ తొమ్మిది రోజులూ మేడమ్‌లకు ఇంట్లో, వీధిలో ఊపిరాడదు. తెరిచాక ఒక్కొక్కరు తమ కాలేజీలో తోడు చూసుకుని పదిహేను రోజులకొకసారి ఇరవై నిమిషాలు ఒకరి క్లాసు ఇంకొకరు చూడాలి. ఆరు వారాలకు ఒక రెండో శనివారం అందరూ మళ్లీ కలవాలి. తేవాల్సింది నాలుగు కాగితాలే. మార్చిన పాఠం ప్లాన్, బోర్డు ఫొటో, పది మంది పిల్లల చీటీలు, పనిచేయనిదేదో రాసిన ఒక పేజీ. ఈ చివరి పేజీ మీదే ఆ రోజంతా గడవాలి.

అభ్యంతరాలు చూద్దాం. ప్రమోషన్ల (సీఏఎస్) స్క్రీనింగ్‌లో తేదీల మీద కొర్రీ వేస్తారంటారు. ఐదు రోజులు వరసగా జరిగినప్పుడు సర్టిఫికెట్ మీద ఆ తేదీలే ఉంటాయి, చేతికివ్వడమే ఆరు వారాలు ఆలస్యం. రెగ్యులేషన్‌కు ఎక్కడా తేడా రాదు. నెలాఖరుకు ఫైలు పెట్టాల్సినవాళ్లుంటే పాల్గొన్నట్టు ఒక లెటర్ ఇవ్వొచ్చు, అడిగిన అందరికీ కాదు.

సగం మంది తిరిగి రారన్నది రెండో అభ్యంతరం. ఇది జరిగే పనే. డ్యూటీ మీద వెళ్లినట్టు లెక్కేసే అనుమతి (ఓడీ) దొరకని కాలేజీలున్నాయి, అందుకే రెండో శనివారం అన్నాను. ఆసిఫాబాద్ నుంచి ఒక్క రోజు కోసం వరంగల్ రమ్మనడం కష్టం. అలాంటివాళ్లకు ఆ రోజు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, నలుగురికొక గ్రూపుగా, కెమెరా ఆన్ చేసి. యాభై మంది మ్యూట్‌లో ఉండి చాట్‌లో ఇచ్చిన కోడ్ కొట్టేసే 2020 నాటి వెబినార్ కాకూడదు.

నాకు జవాబు దొరకని అభ్యంతరం ఇంకొకటి ఉంది. మన యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో రెగ్యులర్ పోస్టులు చాలా ఖాళీ. క్లాసుల భారం మోసేది కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్ట్ లెక్చరర్లు. వాళ్లకు సీఏఎస్ లేదు, ప్రమోషన్ లేదు. పీరియడ్ లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ క్లాసులు నడిచే రోజుల్లో ఎఫ్‌డీపీకి వస్తే ఆ వారం జీతం పోయినట్టే. సర్టిఫికెట్ ఆపి పనిచేయిద్దామన్న నా ఎత్తు వాళ్ల దగ్గర పారదు, ఎందుకంటే ఆ కాగితంతో వాళ్లకొచ్చేది చాలా తక్కువ. ఎక్కువ పాఠాలు చెప్పేది వాళ్లే కాబట్టి శిక్షణ ముందు అందాల్సిందీ వాళ్లకే. కనీసం 24 సీట్లలో ఎనిమిది వాళ్లకు కేటాయించి, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసి, దారి ఖర్చు ఇవ్వాలి. పోయిన పీరియడ్ల డబ్బు మాత్రం ఏ పద్దు కింద ఇవ్వాలో ఏ ప్రిన్సిపల్‌కూ దారి కనిపించదు.

డబ్బు ఎక్కడిదంటారా? బ్యాగు, రైటింగ్ ప్యాడ్, పెన్ను, ఫ్లెక్సీ, వేదిక మీది శాలువాలు, మెమెంటోలు తీసేయండి. ఇరవై నాలుగు మందికి ఒక పూట భోజనం, రెండు టీలు, దారి ఖర్చుల్లో చాలా భాగం అందులోనే వెళ్తాయి. కానీ ఆరో రోజు పద్దును మొదటి ప్రపోజల్‌లోనే ఐదు రోజులతో కలిపి రాయాలి. వాలెడిక్టరీ అయ్యి, ఖర్చుల లెక్క చూపే యూసీ (యుటిలైజేషన్ సర్టిఫికెట్) పంపేశాక అకౌంట్స్ సెక్షన్ ఒక్క టీ బిల్లు కూడా పాస్ చేయదు.